చేతుల్లోకి దిగిన అక్షరాలు

విజయవాడలో బోర్డులు చదివే నాథుడు లేని కాలం అది. ఎటు చూసినా తెరలే, తెరల నిండా ఒకే మూసలో పోసిన అక్షరాలే. జనానికి మొహం మొత్తింది. అప్పుడు డాక్టర్ హేమనళిని ఒక కుంచె తయారుచేసింది.

పైకి మామూలు కుంచే. లోపల సెన్సర్లు. రాసేవాడి చేతి వేగం, బరువు, కుంచె వెంట్రుకల గీతలు, రంగు చాలక గరుకుగా తేలిన చోట్లు అన్నీ పట్టి ఫాంట్‌గా మారుస్తుంది. ఆ గరుకు వెంట కన్ను నడిస్తే, మెదడు అదే కదలికను చదివేవాడి చేతికి పంపుతుంది. కాగితం మీద చదివితే వేళ్లు జివ్వుమంటాయి, అంతే. గోడంత సైజులో పరీక్షించాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు.

రాయడానికి సినిమా బ్యానర్లు రాసే ఏసోబును పిలిచింది. ఎక్కువైన రంగు రాలిపోవాలని ప్రతి అక్షరానికీ ముందు అతను కుంచెను తలమీదికెత్తి ఒక్క విసురు జాడిస్తాడు. ఆ రోజు తనను తీయడానికి వచ్చిన కెమెరాలు చూసి ఇంకాస్త బలంగా జాడించాడు.

"ఏసోబు గారూ, కుంచె మీ విసురును కూడా పట్టేసింది, తీసేయమంటారా? రాతలో భాగం కాదు కదా."

"అదేంటి మేడం! ఆ చిందులు లేకపోతే అది నా చెయ్యే కాదు. ఉంచండి."

చిందులు ఆమెకూ నచ్చాయి. ఉంచింది.

ఆ అక్షరాలతో గోడంత మొదటి బోర్డు వెలిగిన సెంటర్‌లోనే ఏసోబు భార్య మార్తమ్మ కొబ్బరిబోండాలు కొట్టి అమ్ముతుంది. మొగుడి అక్షరాలని మురిసిపోతూ తలెత్తి చదివింది. చెయ్యి దానంతటదే లేచింది. కత్తి ఎదురుగా ఉన్న మనిషి మెడ మీద దిగింది. చుట్టూ హెల్మెట్లు, ఇనుప రాడ్లు లేచి తలల మీద పడ్డాయి. ఎవరి చెయ్యీ ఎవరి మాటా వినలేదు. మిగతాదంతా కొట్లాట కింద రాసేసిన పోలీసులు, కత్తి పట్టిన పాపానికి మార్తమ్మ మీద హత్యకేసు పెట్టారు.

కోర్టులో డాక్టర్ ఉన్నదున్నట్టు చెప్పింది. జడ్జి నవ్వాడు.

"అక్షరాలు మనుషుల్ని చంపుతాయా, డాక్టర్ గారూ? ఏవీ, అంత సైజులోనే చూపించండి."

"వద్దండీ, ప్రమాదం."

"చూపించకపోతే ఈమెకు ఉరి పడొచ్చు."

హేమనళిని మార్తమ్మ వైపు చూసింది. "అయితే ముందు అందరి చేతులూ కట్టించండి."

"కోర్టు చేతులు కడతారా! ముద్దాయికి వేయండి బేడీలు. ప్రమాదం ఆమె చేతితోనే కదా."

సాక్షిగా వరండాలో కూర్చున్న ఏసోబుకు లోపల కేకలు, ఎముకలు విరుగుతున్న చప్పుడు వినిపించాయి. కళ్లు గట్టిగా మూసుకుని లోపలికి దూరి, గోడ తడుముకుంటూ వెళ్లి అక్షరాలు వెలుగుతున్న తెర వైరు పీకాడు. కళ్లు తెరిచాడు.

లాఠీలు విరిగి ఉన్నాయి. కానిస్టేబుళ్లు, ప్లీడర్లు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. బల్ల మీద సాక్ష్యంగా పెట్టిన కొబ్బరి కత్తి జడ్జి చేతిలో ఉంది. ఆయన కాళ్ల దగ్గర హేమనళిని తల పగిలి చచ్చిపోయి ఉంది. బోనులో బేడీలతో మార్తమ్మ నిలబడి ఉంది.

జడ్జి కత్తి వదిలేసి ఆమె దగ్గరికి తూలుతూ వచ్చాడు.

"అమ్మా, కావాలని చేయలేదు. నువ్వు చూశావు కదా. నా తరఫున నువ్వు సాక్ష్యం చెప్పాలి."

"చెప్తాను బాబూ," అంది మార్తమ్మ ఏడుస్తూ. "హంతకురాలి మాట ఎవరు నమ్ముతారు?"