హెల్మీ ఆంటీ పోసిన నీళ్లు

డిసెంబర్‌లో ఆ ఊళ్లో నాలుగున్నరకే చీకటి పడేది. మిషిగన్ రాష్ట్రం ఉత్తర కొసన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న పల్లె. వందేళ్ల కిందట ఫిన్లాండ్ నుంచి వచ్చిన రైతులవే అన్ని ఇళ్లూ. సిటీ పిల్లల్ని ఒక సెమిస్టర్ పల్లెలో ఉంచే ప్రోగ్రాం ఒకటుంటే, మా ఊరు ఎడిసన్‌లో మా అమ్మ నన్నడక్కుండానే సైన్ చేసి పంపింది. పదహారేళ్ల పిల్లని వదిలించుకోవడానికి ఇంత మర్యాదైన దారి ఉందని నాకప్పుడే తెలిసింది.

నన్ను ఉంచింది హెల్మీ ఆంటీ ఇంట్లో. ఆ ఇల్లు నాకు నచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నా, మా ఇంటికన్నా నచ్చింది. మనలాగే వాళ్లూ చెప్పులు గుమ్మం దగ్గరే విప్పేవాళ్లు. పొద్దున్నే కట్టెలు మోయడం, కోళ్లకు గింజలు చల్లడం, నల్లరొట్టె మీద వెన్న, గంటకో కాఫీ. స్కూల్ బస్‌లో ఆంటీ కూతురు కైసా నా పక్కనే. దానిదీ నా వయసే. హాలు పక్క గదిలో ఆంటీ వాళ్ల నాన్న, ఐనో తాత. తొంభై రెండేళ్లు. గొంతులోకి నీళ్లు కూడా దిగడం లేదు. నర్సు చూసి, "ఈ వారం దాటదు" అని చెప్పి వెళ్లింది.

ఒకరోజు అమ్మ మీద ఒళ్లు మండి కైసాతో అన్నాను: "నేను చచ్చినా మా ఇంట్లో వారం దాకా ఎవరికీ తెలీదే."

కైసా నా చెయ్యి పట్టుకుంది. అప్పట్నుంచి రోజూ అడిగేది, "మీ అమ్మ ఫోన్ చేసిందా?" అని. లేదంటే నన్ను గట్టిగా వాటేసుకునేది. నేనేమో ప్రేమనుకున్నా. వెర్రిమొహాన్ని.

శనివారం పెరట్లోని కొయ్యగదిలో అందరికీ స్నానం. సౌనా అంటారు. కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లితే గదంతా ఆవిరి. ఎప్పుడూ నేనూ కైసా వెళ్లి నవ్వుకుంటూ కూర్చునేవాళ్లం. ఆ శనివారం ఆంటీ కూడా వచ్చింది.

"స్మృతీ, ఈరోజు నీకు నేను నీళ్లు పోస్తా."

నాకెవరైనా నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో. కళ్లు చెమర్చాయి.

గోడకి ఆనించి ఉన్న పొడవాటి పలక దించి దానిమీద పడుకోమంది. తారు వాసన. తడి ఆకుల వాసన. ఒకటే దీపం. ఆంటీ నా పాదాల దగ్గర మొదలుపెట్టింది. మన తలంటు తల నుంచి కదా, వీళ్లది వేరేమో అనుకున్నా. పొయ్యి ఎర్రగా మండుతోంది. నీళ్లు మాత్రం చల్లగా…

చెవి దగ్గర కైసా గొంతు.

"ఐనో."

ఆటేమో అనుకున్నా. "ఊఁ."

"ఐనో."

"ఊఁ. ఏంటే, నేను మీ తాతనైపోయానా?" నవ్వాను. వాళ్లు నవ్వలేదు.

"ఐనో."

ఈసారి పలకలేదు. నోరు గట్టిగా మూసుకునే ఉన్నా. అయినా 'ఊఁ' అని వినిపించింది… నా గొంతే.

కాళ్లు కదిపాను. విడివడలేదు. తల ఎత్తి చూశా. రెండు బొటనవేళ్లూ కలిపి ఎర్ర ఉన్నిదారంతో కట్టి ఉన్నాయి.

అలా ఎవరికి కడతారో నాకు తెలుసు. విజయవాడలో మా నాయనమ్మకి కట్టినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నా.

"ఆంటీ… ఏం చేస్తున్నారు?"

నా నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరమొస్తే అమ్మ వేసినట్టే. "అయిపోయింది. మా నాన్న పోతే నాకు పెద్దదిక్కెవరున్నారు చెప్పు?"

కైసా వైపు చూశా. అది కళ్లు దించుకుంది.

"నువ్వేగా అన్నావు," గుసగుసగా అంది. "వారం దాకా ఎవరికీ తెలీదని."

దారం పీకి తెంపాను. వేలు తెగింది. కోటు, బూట్లు చేతికందినట్టు తగిలించుకుని మంచులో పడ్డాను. వెనక ఎవరూ పరిగెత్తి రాలేదు. భయం అక్కడే పట్టుకుంది… ఇక నాతో పని లేనట్టు, తీరిగ్గా తలుపు వేసుకున్నారు.

వంటింటి కిటికీలో వెలుతురు. బల్ల దగ్గర ఐనో తాత. నిటారుగా కూర్చుని రొట్టె నములుతున్నాడు. నన్ను చూసి కాఫీ కప్పు పైకెత్తాడు.

రోడ్డు మీద మంచు తోసే లారీ ఆగింది. డ్రైవర్ పెద్దాయన. నన్నెక్కించుకుని హీటర్ పెంచాడు. "ఎవరమ్మా తరిమింది?" అన్నాడు. బస్‌స్టాండ్‌లో దింపమన్నాను.

రెండ్రోజుల్లో ఎడిసన్ చేరాను. "అంత మంచివాళ్ల దగ్గర కూడా ఉండలేవా? నీకు సర్దుకోవడం చేతకాదు," అంది అమ్మ. ఆ సాయంత్రమే కైసా మెసేజ్: తాత లేచి తిరుగుతున్నాడు, థాంక్స్.

థాంక్స్ అట!

పన్నెండేళ్లయింది. జనవరి పొద్దున స్టేషన్‌లో రైలు కోసం నిలబడితే అందరి నోళ్లలోంచీ పొగలు. నేను మాత్రం స్కార్ఫ్ ముక్కు దాకా చుట్టుకుంటా. చలికనుకుంటారు.

ఆ రోజు లారీలోనే గమనించాను. పెద్దాయన ఊపిరికి ఆయన వైపు కిటికీ అద్దం మసకబారింది. చేత్తో తుడుచుకుంటూ నడిపాడు. నా వైపు అద్దానికి నోరు ఆనించి ఊదాను. మళ్లీ ఊదాను. గట్టిగా…

అవతల రోడ్డు పక్క చెట్లు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి.