నిప్పుటేటిలో తిరగలి

ఏడాదిలో ఒక రోజు కొలిమిపట్నంలో ఎవరూ పొయ్యి వెలిగించేవారు కాదు. పట్టపగలే తలుపులు బిగించుకుని, ఇంటిల్లిపాదీ ఎవరి పేరు వాళ్ళు గట్టిగా పైకి చెప్పుకుంటూ కూర్చునేవారు. వీధిలో నిలబడి వింటే ఊరంతా ఏదో పాఠం వల్లిస్తున్నట్టు ఉండేది. అది పాఠం కాదు పిల్లలూ, భయం.

ఆ భయానికి కారణం ధూమ్రజిహ్వ అనే రాక్షసి. తన కొండను తవ్వి పట్నంవాళ్ళు ఇనుము ఎత్తుకుపోయారని దానికి కక్ష. అది సీసంతో రెండు పొట్టేళ్ళను పోతపోసి, వాటికి ప్రాణం పోసింది. ఒకదాన్ని తూర్పు కొండ మీద, ఒకదాన్ని పడమటి కొండ మీద కట్టింది. ఏడాదికోసారి రెంటినీ విప్పి వదిలేది. అవి కంటికి ఆనని వేగంతో ఉరికివచ్చి లోయలో ఢీకొనేవి. ఢీకొన్నచోట రాయి, మన్ను, గాలి అన్నీ కరిగి ఒకటైపోయి నిప్పుటేరు పుట్టేది.

ఆ ఏరు ఒంటిని కాల్చదు. పేరును కరిగిస్తుంది. దాంట్లో పడినవాళ్ళకు తామెవరో గుర్తుండదు. అది ఎటు పోతే అటు, అందరూ ఒకే తీరున కొట్టుకుపోతారు. ఏరు చల్లారేసరికి ఎక్కడివాళ్ళక్కడ రాళ్ళైపోతారు. లోయ చుట్టూ అలాంటి రాళ్ళు గుంపులు గుంపులుగా నిలబడి ఉండేవి. వాటిలో ఒకటి శిలావతి తల్లి కొండాలమ్మ.

శిలావతి, మేరుడు కవలలు. పొట్టేళ్ళు మొట్టమొదటిసారి ఢీకొన్నాయే, సరిగ్గా ఆ క్షణంలో పుట్టారు. అందుకేనేమో, ఇద్దరూ చెప్పలేనంత బరువు. ఊయలలో వేస్తే దూలం వంగేది. చూడ్డానికి అందరు పిల్లల్లాగే ఉండేవాళ్ళు గానీ, శిలావతి పడవలో కాలు పెడితే పడవ మునిగేది. ఊరి పిల్లలు ఊరుకుంటారా? 'తిరగలి' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది పక్కింటి పికిలి. గాలి వీస్తే ఎగిరిపోయేంత బక్కపిల్ల, నోరు మాత్రం ఊరంత.

"తిరగలీ, అటు జరగవే! నేల కుంగుతోంది!" అనేది పికిలి. శిలావతి ఇంటికొచ్చి ఏడ్చేది. నిజం చెప్పాలంటే, ఆ పేరంటే ఆమెకు అసహ్యం.

ఇక ఆ పట్నంవాళ్ళ పద్ధతి వినండి. వాళ్ళు ఇనుము కరిగించే జనం. బరువైనది కదలదు, కదలనిదే గెలుస్తుందని వాళ్ళ నమ్మకం. అందుకని ఏటా పొట్టేళ్ళు వచ్చే ముందు మగపిల్లలందరినీ త్రాసులో తూచి, అందరికన్నా బరువైనవాణ్ణి 'మేకువీరుడు' అనేవారు. లోయలో ఒక ఇనుపమేకు పాతి, వాణ్ణి గొలుసుతో దానికి కట్టేవారు. వాడు కదలకుండా నిలబడితే నిప్పుటేరు అక్కడే ఆగుతుందని ఆశ. ఒక్క ఏడాదైనా ఆగలేదు. అయినా పద్ధతి మానలేదు.

ఆ ఏడు త్రాసులో మేరుడు కూర్చున్నాడు. రెండో తట్టలో ఎన్ని ఇనుపదిమ్మలు వేసినా అతని తట్ట లేవలేదు. జనం జేజేలు కొట్టారు. వాళ్ళ నాయన కొమరయ్య గుంపులో తల వంచుకుని నిలబడ్డాడు. ఊళ్ళో గొలుసులు చేసే కమ్మరి ఆయనే మరి.

"నాయనా, ఆ గొలుసు నువ్వే చేస్తావా?" అని అడిగింది శిలావతి.

"రాజుగారి ఆజ్ఞ తల్లీ. నేను కాదంటే ఇంకోడు చేస్తాడు," అన్నాడు కొమరయ్య. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

అడవికి ఆవల ఒక ముని ఉన్నాడనీ, నిప్పుటేటిలో పడి బయటికొచ్చినవాడు లోకంలో ఆయనొక్కడేననీ పశువుల కాపరులు అనుకోగా శిలావతి వినివుంది. అన్నను కట్టేసే రోజు ఇంకా కొంచెం దూరంలో ఉంది. ఆమె ఎవరికీ చెప్పకుండా బయలుదేరింది.

అడవిలో మొదట ఒక ఏరు అడ్డమొచ్చింది. బాటసారులను వీపున దాటించే ముసలి తాబేలు ఒకటి అక్కడుంది. శిలావతి ఎక్కగానే అది బుడుంగున మునిగింది.

"అమ్మో! పిల్లవా, కొండవా? దిగు తల్లీ దిగు, నా డిప్ప పగిలేట్టుంది," అంది తాబేలు నీళ్ళు కక్కుతూ.

శిలావతి తానే నీళ్ళలో దిగింది. అడుగున పాదాలు తన్నిపెట్టి ప్రవాహానికి ఎదురు నిలబడింది. నీళ్ళు ఆమెను కొట్టాయి, రాళ్ళు ఒరుసుకుపోయాయి. నాలుగడుగులు వేయకముందే ఒంట్లో సత్తువంతా హరించుకుపోయింది.

"నీళ్ళతో పోట్లాడతావేమిటే పిచ్చిదానా?" అని అరిచింది తాబేలు. "బరువైనవాళ్ళు కొట్టుకుపోరని ఎవరన్నారు? ఆలస్యంగా పోతారు, అంతే. దాంతోపాటు పో. కళ్ళు మాత్రం ఒడ్డు మీద ఉంచు."

శిలావతి ఒళ్ళు వదిలేసింది. ఆకులూ పుల్లలూ ఆమెను దాటుకుంటూ గిర్రున తిరుగుతూ పోయాయి. ఆమె నెమ్మదిగా, ఏటవాలుగా కొట్టుకుపోయి, చాలా దిగువన అవతలి ఒడ్డుకు చేరింది. చచ్చి బతికినట్టయింది.

అక్కడినుంచి ఎండిన చెట్ల అడవి. దారికి అడ్డంగా ఒక నల్లటి పక్షి కూర్చుని ఉంది. దాని గొంతు సంచిలా వేలాడుతోంది. ఆ సంచిలోంచి చిన్నచిన్న గొంతులు మూలుగుతున్నాయి.

"పేరు ఇస్తే దారి ఇస్తా," అంది పక్షి. "ఇచ్చాక అది నీకు గుర్తుండదు. ఇవ్వకపోతే కళ్ళు పొడుచుకు తింటా."

శిలావతికి ఒక ఆలోచన తట్టింది. "నన్ను తిరగలి అంటారు," అంది.

పక్షి ఆ పేరును గుటుక్కున మింగింది. అంత బరువైన పేరు అదెప్పుడూ మింగలేదు. మెడ నేలకు వేలాడిపోయి, రెక్కలు కొట్టుకుంటూ దారిలోంచి పక్కకు ఒరిగింది. శిలావతి పరుగెత్తింది. ఊరి పిల్లలు తనను ఏమని వెక్కిరించేవారో ఎంత తలుచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు. పీడ పోయిందనుకుంది. తనది ఎంత పొరపాటో అప్పుడామెకు తెలియదు.

ముని ఒక గుహ ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన కుడిసగం మనిషి, ఎడమసగం రాయి. శిలావతి భయపడినా దండం పెట్టి తన కష్టం చెప్పుకుంది.

"నా పేరు అడగకమ్మా, నాకే తెలియదు," అన్నాడు ముని సగం నోటితో. "పూర్తి మనిషిగా, పేరుతో సహా ఒక్కరు బయటపడితే చాలు, ఆ రాక్షసి మంత్రం చెడుతుంది. నేను సగమే వచ్చాను. అందుకే అది ఇంకా బతికుంది."

"మా అన్నను మేకుకు కడుతున్నారు స్వామీ. మేకు పాతేది ఉరవడి తక్కువ ఉన్నచోటే," అంది శిలావతి.

ముని ఒక వడ్లగింజ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "పొట్టేళ్ళు నుదురూ నుదురూ సరిగ్గా కొట్టుకోవు. కాస్త పక్కగా తగులుతాయి. అందుకే పుట్టే మంట గుండ్రంగా ఉండదు, ఇదిగో, ఇలా ఉంటుంది. గింజ పొట్ట ఉందే, అటూ ఇటూ, అక్కడినుంచి నిప్పు జోరుగా బయటికి ఉరుకుతుంది. మొనల దగ్గర నెమ్మది. నెమ్మదని మీవాళ్ళు అక్కడ కడతారు. నెమ్మదైనచోట ఉన్నవాడే ఎక్కువసేపు ఉడుకుతాడమ్మా! పొట్ట వైపు చేరి, ఏటితోపాటు పోయినవాడు త్వరగా ఒడ్డెక్కుతాడు."

"అయితే మా అన్న చెయ్యి పట్టుకుని అటు లాక్కుపోతాను."

ముని కంట నీరు తిరిగింది. ఒక కంటే. "నేనూ నా భార్య చెయ్యి పట్టుకున్నాను. ఆ వేడిలో ఏ పట్టూ నిలవదు, విడిపోయింది. చల్లారే క్షణంలో పట్టుకున్న చెయ్యే నిలుస్తుంది. ఒంటరిగా మాత్రం ఎవరూ బయటికి రాలేరు. ఆ క్షణాన నా పక్కన ఎవరో పరాయివాడు ఉన్నాడు. వాడితో నాకేం పని అని వేలి కొస మాత్రం పట్టుకున్నాను. అందుకే ఇలా ఉన్నాను. నువ్వు అలా చేయకు. ఎవరుంటే వాళ్ళ చెయ్యి పట్టుకో."

శిలావతికి లోయలోని రాళ్ళు గుర్తొచ్చాయి. కొన్ని పిడికిళ్ళు బిగించి ఉండేవి, కొన్ని గొలుసులు పట్టుకుని ఉండేవి, అమ్మ చేతుల్లో ఇంటి ద్వారబంధం ముక్క ఉండేది. ఏ రాతి చేతిలోనూ ఇంకో మనిషి చెయ్యి లేదు.

ఆమె తిరిగి లోయకు చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. మేకు దగ్గర మేరుడు గొలుసులతో నిలబడి ఉన్నాడు. ఆశ్చర్యం, అతనొక్కడే లేడు. కొమరయ్య సుత్తితో తాను చేసిన గొలుసునే బాదుతున్నాడు. పికిలి నీళ్ళకుండ పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"తెగట్లేదు తల్లీ!" అన్నాడు కొమరయ్య. "నా చేతులు విరగ్గొట్టుకున్నా పోయేది, ఇంత గట్టిగా చేశాను!"

"మీరంతా వెళ్ళిపోండి," అన్నాడు మేరుడు. "నేను కదిలితే ఊరు పోతుందన్నారు."

"కదలనివాళ్ళందరూ ఇక్కడే రాళ్ళై ఉన్నారు కదరా అన్నా! అమ్మ కూడా ద్వారబంధం పట్టుకుని కదల్లేదు. ఏమైందీ?" అంటూ శిలావతి గొలుసు పట్టుకుని తన బరువంతా వేసి వేలాడింది. పుట్టినప్పటినుంచి తనను ఏడిపించిన ఆ బరువుకు, గొలుసును మేకుకు తగిలించిన కొక్కెం సాగింది, విరిగింది.

అప్పుడే రెండు కొండల మీదినుంచీ రెండు మెరుపులు దిగాయి.

శబ్దం కూడా వినబడలేదు. లోకం ఒక్కసారిగా తెల్లగా అయిపోయింది. నలుగురూ నిప్పుటేటిలో ఉన్నారు. "పొట్ట వైపుకి! పోట్లాడకండి, దాంతోపాటు పోండి! చల్లారేటప్పుడు పక్కన ఎవరుంటే వాళ్ళ చెయ్యి పట్టుకోండి!" అని అరుస్తూ శిలావతి అన్న చెయ్యి పట్టుకుంది. ముని చెప్పినట్టే అయింది. ఎంత బిగించినా వేళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి. మేరుడు ఒక వైపుకు, ఆమె ఇంకో వైపుకు కొట్టుకుపోయారు. ఆమె గుండె పగిలేలా ఏడ్చింది.

నాయనా, పికిలీ ఆకుల్లా గిరగిరా తిరుగుతూ ఆమెను దాటిపోయారు. వాళ్ళ ముఖాల్లో ఇక ఏమీ లేదు. బరువు వల్ల శిలావతి అందరికన్నా నెమ్మదిగా పోయింది, అందరికన్నా ఎక్కువకాలం గుర్తుపెట్టుకుంది. కానీ వేడి ఆమెనూ వదల్లేదు. ముందు ఊరి పేరు పోయింది. తర్వాత అమ్మ పేరు. చివరికి తన పేరు కూడా, తడిచేతిలోని సబ్బులా జారిపోయింది.

ఎర్రదనం నల్లబడసాగింది. ఏరు చల్లారుతోంది! పాదాలు బరువెక్కి బిగుసుకుంటున్నాయి. దూరంగా, చాలా దూరంగా ఒక ఆకారం అన్నలా ఉంది. పక్కనే చెయ్యి చాపితే అందేంత దూరంలో, సుడిలో తిరిగి వెనక్కొచ్చిన ఒక బక్కపిల్ల తేలుతోంది. అన్న వైపు పోదామని ఆమె ప్రాణం కొట్టుకుంది. కానీ ముని మాట గుర్తుంది. ఏడుస్తూనే పక్కకు తిరిగి, ఆ పిల్ల చేతిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

ఆ ముఖం ఆమెకు తెలుసు. చిన్నప్పటినుంచి తనను ఏడిపించిన ముఖం అది. తన పేరు మరిచిపోయింది గానీ ఆ ముఖాన్ని ఎలా మరిచిపోతుంది?

"నువ్వు పికిలివి!" అని అరిచింది. "పక్కింటి పికిలివి!"

ఆ పిల్ల కళ్ళల్లో మెల్లగా వెలుగు వచ్చింది. "అవును, పికిలిని," అని గొణిగింది. తర్వాత శిలావతిని చూసి, నోరంతా తెరిచి కేక పెట్టింది. "తిరగలీ! నువ్వు మా తిరగలివే!"

పక్షి మింగిన పేరు పికిలి నోటినుంచి తిరిగొచ్చింది. ఆ పేరు వెనకాలే శిలావతి అన్న పేరు, దాని వెనకాల అమ్మ పేరు, ఊరి పేరు, అన్నీ వచ్చేశాయి. ఒకప్పుడు అసహ్యించుకున్న ఆ మాటంత తియ్యటిది శిలావతి అంతకుముందు వినలేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని బూడిద ఒడ్డున పడ్డారు. లోయలో రెండు సీసపు పొట్టేళ్ళూ మట్టిముద్దలై కూలిపోయాయి. కొండ లోపల ధూమ్రజిహ్వ గొంతు ఒక్కసారి ఊళపెట్టి ఆగిపోయింది.

శిలావతి బూడిదలో పడుతూ లేస్తూ అవతలి ఒడ్డుకు పరుగెత్తింది. ప్రతి రాయినీ తడిమి చూసింది. చివరికి ఒక బండ వెనక మేరుడు కనిపించాడు, ఊపిరితో! అతని చేతిలో నాయన చెయ్యి ఉంది.

"నేను నాయనను పేరు పెట్టి పిలిచాను చెల్లీ," అన్నాడు మేరుడు. "ఆయన నన్ను పిలిచాడు. మళ్ళీ మళ్ళీ పిలిచాడు."

కొమరయ్య ఇద్దరినీ దగ్గరకు తీసుకుని భోరుమన్నాడు.

తర్వాతి సంగతులు మంచివే. రాజుగారికి పిల్లలు లేరు, మేకులు పాతించిన సిగ్గుతో ఆయన గద్దె దిగాడు. జనం శిలావతిని గద్దె ఎక్కించారు. ఎక్కగానే గద్దె కాళ్ళు విరిగాయి. అప్పుడు కొమరయ్య మేకులనూ గొలుసులనూ కరిగించి ఇనుపగద్దె చేశాడు. మేరుడికీ పికిలికీ పెళ్ళయింది. పెళ్ళిలో కూడా పికిలి నోరు ఊరుకోలేదు.

పాత రాళ్ళు మాత్రం రాళ్ళుగానే ఉండిపోయాయి. శిలావతి కొండాలమ్మ రాతిచేతిలో చెయ్యి పెట్టి ఎంతసేపు పిలిచినా ఆ చెయ్యి చల్లగానే ఉంది.

అయినా ఏటా ఆ రోజున కొలిమిపట్నం జనం లోయకు వస్తారు. తలొక రాతిచెయ్యి పట్టుకుని ఆ మనిషి పేరు చెబుతారు. అందరికన్నా ముందు రాణి తన తల్లి పేరు చెబుతుంది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఎవరూ తమ పేరు తాము వల్లించుకోరు. పక్కవాళ్ళ పేరు గుర్తుపెట్టుకుంటారు.