పదకొండో మడిలో క్యారెట్లు

"ఆపండి. అవి కలుపు కాదు, క్యారెట్లు."

మడిలో గొంతుక్కూర్చున్న మనిషి తలెత్తాడు. చేతినిండా లేత మొక్కలు, చొక్కా మీద పిండి మరకలు.

"గడ్డిలా ఉంటేనూ..." అన్నాడు నసుగుతూ.

"మరి గడ్డిని వదిలేశారేం?"

అతను వెనక్కి చూసుకున్నాడు. నిజమే, గడ్డి మాత్రం వరసగా, ముచ్చటగా నిలబడి ఉంది.

ఆమెకి ఏడవాలో తిట్టాలో తెలియలేదు. ఊరి ఉమ్మడి తోటలో ఆ పదకొండో మడి తాతయ్యది. మోకాళ్ళు మొరాయించి ఆయన ఇంట్లో కూర్చున్నాక ఆమె నెత్తిన పడింది. ల్యాబ్‌లో రక్తపరీక్షల డ్యూటీ పోను దొరికేది వారానికి రెండు సాయంత్రాలు, ఎప్పుడైనా ఇలా ఒక సెలవు. కలుపుకి మాత్రం ఏడు రోజులూ ఖాళీయే. కలుపు పెరిగిందని తోట కమిటీ ఇప్పటికే గేటుకి రెండు పసుపు చీటీలు అంటించింది. మూడోది పడితే మడి వెయిటింగ్ లిస్టులో ముందున్నవాళ్ళకి పోతుంది. ఆ సంగతి తాతయ్యకి తెలీదు. "క్యారెట్లు ఎంతవరకు వచ్చాయే?" అని రోజూ అడుగుతాడు. "బ్రహ్మాండం తాతయ్యా" అంటుంది.

"అసలు నా మడిలో మీకేం పని?"

"వీధి చివర బేకరీ నాదండి. గేటు మీద చీటీ చూసి సాయం చేద్దామని... పొద్దున పదింటికల్లా రొట్టెలు కాల్చడం అయిపోతుంది. పీకిన పాపానికి రోజూ ఒక గంట చేస్తాను."

"ఏది పీకాలో నేను చెప్తేనే."

అలా మొదలైంది. ఆమె సాయంత్రం వచ్చేసరికి అతను వెళ్ళిపోయి ఉండేవాడు. ఆమె కర్రకి చీటీ గుచ్చితే, అతను బేకరీ సంచి మీద జవాబు రాసేవాడు.

'ఇటువైపు ముట్టుకోకండి.'

'దేన్ని?'

'దేన్నీ.'

ఒకరోజు అడక్కుండానే రాశాడు: 'బీన్స్ పూసింది. ముందు మీకు చెప్పాలనిపించింది.' ఆ సంచిని ఆమె మడిచి హ్యాండ్‌బ్యాగులో దాచుకుంది.

కమిటీ ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు షెడ్డు గోడ మీద వెయిటింగ్ లిస్టు కంటపడింది. మొదటి పేరు అతనిదే. మడి తనకి రావాలని క్యారెట్లు కూడా కావాలనే పీకాడేమో. 'ఇక రావద్దు' అని రాసి గుచ్చి వచ్చేసింది.

మర్నాడు కమిటీ సెక్రటరీ వచ్చాడు. రిటైరైన లెక్కల టీచరు, స్కేలు లేకుండా అడుగు వెయ్యడు. మడంతా వెతికినా కొలవడానికి కలుపు దొరకలేదు.

"బేకరీ ఆయనకి నిరాశేనన్నమాట" అంది ఆమె చేదుగా.

"ఆయన పేరు నెలక్రితమే కొట్టేయించుకున్నాడమ్మా. ఐదేళ్ళు లైన్లో ఉన్న మనిషి. 'ఆ మడిలో పని చేస్తూ, అది ఆవిడ చేజారితే నాకొస్తుందని కాచుక్కూర్చోవడం బాగోదు' అన్నాడు. గోడ మీద లిస్టు మార్చనిది నేనే."

ఆమె నేరుగా బేకరీకి వెళ్ళి ముగ్గురు కస్టమర్ల వెనక నిలబడింది.

"ఏం కావాలి?" అన్నాడతను తలెత్తకుండా.

"మీరు. తప్పుగా అనుకున్నాను, సారీ."

"లిస్టు గురించి నేనే చెప్పాల్సింది. చెబితే రానివ్వరని భయమేసింది. మొదట మడి చూడ్డానికే వచ్చానండీ. తర్వాత వచ్చింది ఇందుకు." కౌంటర్ సొరుగు లాగాడు. ఆమె చీటీలన్నీ ఉన్నాయి, 'దేన్నీ'తో సహా. అన్నిటికన్నా పైన 'ఇక రావద్దు'.

ఆమె దాన్ని తీసి చింపేసింది. "తాతయ్యకి అంతా చెప్పేస్తాను. మీరూ పక్కన ఉండాలి."

తాతయ్య మొత్తం విన్నాడు. బేకరీ మనిషిని పైనుంచి కిందిదాకా చూసి, అలమరలోంచి క్యారెట్ విత్తనాల పొట్లం తెప్పించి అతని చేతిలో పెట్టాడు.

"నువ్వో గంట, అదో గంట ఏమిటి? ఇద్దరూ కలిసి చల్లండి. మొలిచాక ఏది ఏదో దాన్నే అడుగు."

"అలాగే తాతయ్యా" అన్నాడతను.

అలా పిలవమని అతనికి ఎవరూ చెప్పలేదు.