ఎర్ర గడి

"మీ సలహా నాకు అక్కర్లేదండీ. కెమెరా చూపిస్తే చాలు."

ఆ అమ్మాయి నాతో అన్న మొట్టమొదటి మాట ఇది. బయట వాన దంచి కొడుతోంది. ఆమె గొడుగు మీంచి కారిన నీళ్ళు మా షాపు నేల మీద మడుగు కడుతున్నాయి. నేనింకా "రండి" అని మాత్రమే అన్నాను.

"సలహా ఇస్తానని ఎవరు చెప్పారు?"

"మీ మొహమే చెబుతోంది. పొద్దున్నించి తిరిగిన షాపులన్నిట్లో ఇదే మొహం. ‘చిన్నది తీసుకోండి మేడమ్, తేలిగ్గా ఉంటుంది, పింక్ కవర్ ఫ్రీ’ అంటారు."

నాకు ఒళ్ళు మండింది. నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్పుకుంటాను. కెమెరా విప్పి మళ్ళీ బిగించడంలో నన్ను మించినవాడు ఈ వీధిలో లేడు. పక్క వీధిలోనూ లేడు. అలాంటి నన్ను పట్టుకుని పింక్ కవరా?

"మా దగ్గర పింక్ కవర్లు లేవండీ. బరువైన కెమెరాలే ఉన్నాయి. మోయగలరా?"

"మీరు అల్మారాలోంచి ఇక్కడిదాకా మోసుకురండి. అక్కణ్ణించి నేను మోస్తాను."

మూలన న్యూస్‌పేపరు గలగలమంది. దాని వెనకాల మా మామయ్య ఉన్నాడు. షాపు ఆయనది, నాకు పని నేర్పింది ఆయన. మామయ్య నవ్వితే పేపరు కదులుతుంది, మొహం కదలదు.

"దేనికమ్మాయ్ కెమెరా?" అన్నాడు పేపరు దించకుండానే.

మామయ్య అడిగితే ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. ఆ అమ్మాయి కూడా అంతే. గొడుగు మూలకి ఆనించి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేను పేపర్లో స్పోర్ట్స్ రిపోర్టర్నండీ. మా ఫోటోగ్రాఫర్ మానేస్తున్నాడు. ఆ పని నాకిమ్మని అడిగాను. మా ఎడిటర్ ఏమన్నాడంటే, ఎల్లుండి బ్యాడ్మింటన్ ఫైనల్ ఫోటోలు నువ్వే తియ్యి, బాగుంటే పని నీదే, లేకపోతే బయటినుంచి ఎవరినైనా తెచ్చుకుంటా అన్నాడు. ఇండోర్ స్టేడియం. ఫ్లాష్ వాడనివ్వరు."

"ఇన్నాళ్ళూ రాస్తున్నావు కదా. ఫోటోలెందుకు మళ్ళీ?"

"నేను కళ్ళారా చూసింది ఒకటి, నా వార్త పక్కన పడే ఫోటో ఇంకొకటి. ఎన్నాళ్ళని సర్దుకోవాలండీ? ఒక్కసారి నేను చూసింది చూసినట్టు అచ్చులో పడాలి."

ఆ మాటతో నా ఒంటి మంట సగం దిగిపోయింది. మిగతా సగం అలాగే ఉంచుకున్నాను, పరువు కోసం.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. కెమెరా కొనేవాళ్ళెవరైనా ముందు మామయ్యని ఒక ఫోటో తీయాలి. ఆయన కూర్చునే మూలకి కిటికీ లేదు, ఒక్క ట్యూబ్‌లైటు తప్ప వేరే వెలుగు లేదు. పైగా పేజీలు తిప్పుతూనే ఉంటాడు. ఆ మూలలో మామయ్యని సరిగ్గా పట్టిన లెన్సు ఎక్కడికి తీసుకెళ్ళినా పరువు తీయదు. ఆయన వెనకాలే నా రిపేరు బల్ల, దాని మీద నా టేబుల్ లైటు.

ముందు డబ్బాలో కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్సు బిగించి ఇచ్చాను. ఆమె తీసింది. పేజీ తిప్పుతున్న మామయ్య చెయ్యి పొగలాగా వచ్చింది.

"ఎండలో ఇది బంగారమండీ. వెలుగు తగ్గితే మాత్రం చేతులెత్తేస్తుంది. జూమ్ లాగేకొద్దీ..."

"లోపలికొచ్చే వెలుగు తగ్గిపోతుంది. తెలుసు. అందుకే జూమ్ లేనిది, వెలుగు బాగా లాగేది కావాలి. ఎయిటీఫైవ్ లెన్సు ఉందా? వన్ పాయింట్ ఎయిట్?"

సలహా అక్కర్లేదని ఊరికే అనలేదన్నమాట. నేను కొంచెం తగ్గాను.

"కొత్తది లేదు. వాడినది ఉంది. నేనే విప్పి, శుభ్రం చేసి, బిగించాను."

"మీరు బిగించారంటే భయపడాలా, ధైర్యంగా ఉండాలా?"

"దీని ఫోకస్ వెంట్రుకవాసి తప్పినా సరే, ఈ స్క్రూడ్రైవర్ అవతల పారేసి కాఫీ కొట్టు పెట్టుకుంటాను."

"కాఫీ బాగా పెడతారా?"

"అసలు రాదు."

అప్పుడు నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుంది. రెండోవైపు ఎందుకు పడదో విప్పి చూడాలనిపించేంత ఆశ్చర్యంగా ఉంది.

లెన్సు బిగించి కెమెరా చేతికిచ్చాను. "బొటనవేలి దగ్గర ఈ బటన్ ఉంది చూడండి. దీంతో ఫోకస్ పాయింట్ జరుగుతుంది. మీరు ఎవరిని చూస్తున్నారో వాళ్ళ కంటి మీదకి జరిపి నొక్కండి. మిగతా సంగతి లెన్సు చూసుకుంటుంది."

"ఎవరిని చూస్తే వాళ్ళ మీదకా?"

"ఎవరిని చూస్తే వాళ్ళ మీదకే."

"నువ్వెళ్ళి నీ పని చూసుకోరా," అన్నాడు మామయ్య. "అలా నెత్తి మీద నిలబడితే ఎవరు మాత్రం తీస్తారు?"

వెళ్ళి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఆమె ఎడాపెడా నొక్కింది. జూమ్ లేని ఇంకో లెన్సు, ‘యాభై’ అనేది కూడా పెట్టించుకుని తీసింది. ఇంతలో బస్సు హారన్ వినిపించింది. వాడిన లెన్సు తీసుకెళ్ళి వాడి చూసి, నచ్చితేనే కొనాలి. అది మా షాపులో రెండో పద్ధతి. ఆమె కెమెరా డబ్బు కౌంటర్ మీద పెట్టి, ఎయిటీఫైవ్‌ని, కెమెరాని సంచిలో పెట్టుకుని, తీసిన ఫోటోలు చూసుకోకుండానే వానలో బస్సు వెంట పరిగెత్తింది.

గొడుగు మర్చిపోయింది. నేను గమనించాను. కానీ వెనక్కి పిలవలేదు. మళ్ళీ రావాలి కదా.

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. గొడుగు కోసం కాదు.

"కాఫీ కొట్టు ఎప్పుడు పెడుతున్నారు?"

"ఏమైందండీ?"

"ఏమైందా? మీ లెన్సు నా కొంప ముంచింది!" కెమెరా కౌంటర్ మీద పెట్టింది. "పొద్దున మా ఎడిటర్‌కి చూపించాను. ‘ఎదురుగా కూర్చున్న ముసలాయన్నే పట్టుకోలేకపోయావు, ఎగిరే ఆటగాళ్ళనేం పడతావు? రేపటికి బయటివాడిని పిలిచేస్తున్నా’ అన్నాడు. బతిమాలి సాయంత్రం దాకా టైమ్ తీసుకున్నాను."

"ముసలాయన ఎవరు?" అన్నాడు మామయ్య మూలలోంచి.

నేను ఫోటోలు చూశాను. ప్రతి ఫోటోలోనూ మామయ్య మసక. పేపరు మసక. మామయ్య వెనకాల ఉన్నదంతా మాత్రం అద్దంలో చూసినంత స్పష్టంగా ఉంది.

ఫోకస్ వెనక్కి పోతోంది! నేను బిగించిన లెన్సులో! ఆమె ఉద్యోగం నా వల్ల పోతోంది!

స్కేలు తీసి బల్ల మీద ఏటవాలుగా నిలబెట్టాను. సున్నా గీత మీద ఫోకస్ పెట్టి తీశాను. సున్నా గీతే స్పష్టంగా వచ్చింది. మళ్ళీ తీశాను. మళ్ళీ సున్నానే.

"లెన్సు బాగానే ఉందండీ!"

"అయితే కెమెరా బాగాలేదు."

ఆమె కెమెరాకి వేరే లెన్సు బిగించి స్కేలు మీద చూశాను. అదీ బాగానే ఉంది. యాభై లెన్సుతో ఆమె తీసినవి తిరగేశాను. వాటిలోనూ మామయ్య మసకే. రెండు లెన్సులూ ఒకేలా చెడిపోవడం నా అనుభవంలో ఎప్పుడూ లేదు. నేనక్కడ పిచ్చివాడిలా తల గోక్కుంటుంటే, మూలన పేపరు కదలడం మొదలైంది.

"నవ్వుతావేంటి మామయ్యా? అవతల ఆవిడ ఉద్యోగం పోతుంటే!"

"ఒరేయ్, ఫోకస్ ఎక్కడ పడిందో చూపించే బటన్ ఒకటి ఉంటుందని నేనే కదా నీకు నేర్పాను. నొక్కి చూడు."

నిజమే. తీసిన ఫోటో మీద, ఫోకస్ పెట్టిన చోట చిన్న ఎర్ర గడి చూపించే ఏర్పాటు ఆ కెమెరాలో ఉంది. కంగారులో నాకు తట్టనేలేదు. నొక్కాను.

ఎర్ర గడి వెలిగింది. మామయ్య మీద కాదు. మామయ్య భుజం పక్కనుంచి వెనక్కి వెళ్ళి, టేబుల్ లైటు కింద తల వంచుకుని స్క్రూ బిగిస్తున్న నా మొహం మీద, సరిగ్గా ఎడమ కంటి మీద కూర్చుంది.

తర్వాతి ఫోటో చూశాను. నా కన్నే. ఆ తర్వాతిది. నా కన్నే. యాభైతో తీసినవాటిలోనూ నేనే. ఒకదాంట్లో ముక్కు గోక్కుంటున్నాను. అది కూడా మహా స్పష్టంగా ఉంది.

ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. నేను పెద్దమనిషిలాగా సర్దబోయాను.

"కొత్త కెమెరా కదండీ. వేలు తగిలి పాయింట్ పక్కకి జరిగి ఉంటుంది."

ఆమె నా వైపు చూసింది. తలుపు వైపు కూడా ఒకసారి చూసింది. నేను చెప్పింది ఒప్పుకుని గొడుగు తీసుకుని వెళ్ళిపోవచ్చు. కానీ ఆమె అలాంటి మనిషి కాదు.

"ఒకసారైతే తగులుతుంది. ప్రతిసారీ తగలదు," అంది. "ఎవరిని చూస్తే వాళ్ళ మీదకి జరపమన్నారు. జరిపాను. లెన్సు తప్పేం లేదు. నేనే మిమ్మల్ని చూశాను. అంతే."

అంతే అట! నాకు ఒక్కసారిగా షాపు కప్పు ఎగిరిపోయినట్టయింది.

"నేను కూడా..." అని మొదలుపెట్టాను.

"మీ సంగతి తర్వాత. సాయంత్రంలోగా మా ఎడిటర్‌కి ఒక్క సరైన ఫోటో చూపించాలి. ఏం చేద్దాం?"

మామయ్య పేపరు మడిచి, గుండ్రంగా చుట్టి, కుర్చీలోంచి లేచాడు. ఆయన కుర్చీ దిగడమే అరుదు. చుట్టిన పేపరుని బ్యాటులాగా పట్టుకుని ట్యూబ్‌లైటు కింద నిలబడ్డాడు.

"తియ్యమ్మాయ్. ముసలాయన ఎలా ఎగురుతాడో చూద్దువుగాని."

"నువ్వు వెనకాలే కూర్చోరా," అన్నాడు నాతో. ఆమె వైపు తిరిగి, "వీడు కనిపిస్తున్నా వీణ్ణి వదిలేసి నన్ను పట్టుకోవాలి. అదీ ప్రాక్టీసు."

మొదటి ఫోటోలో మళ్ళీ నేనే వచ్చాను. ఆమె కెమెరా దించి, "కొంచెం తల దించుకోండి!" అని కసిరింది. తర్వాతి దాంట్లో మామయ్య భుజం దొరికింది. ఆ తర్వాత చెయ్యి. మామయ్య ఆయాసపడుతూ కనిపించని షటిల్‌ని బాదుతూనే ఉన్నాడు. ఆమె పెదవి కొరుక్కుని, ఒక కన్ను మూసి, మామయ్యతో పాటే కదులుతోంది. ఇక నేను ఆ గదిలో లేనట్టే. నాకు కొంచెం బాధ, చాలా గర్వం.

చివరి ఫోటోలో మామయ్య రెండు కాళ్ళూ నేల మీద లేవు. నోరు తెరుచుకుని ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి. అన్నిటికంటే వింత, ఆయన మొహం నవ్వుతోంది. ఎర్ర గడి ఆయన కంటి మీద ఉంది.

ఆమె దాన్ని అక్కణ్ణించే ఫోన్లో ఎడిటర్‌కి పంపింది. ‘రేపు నువ్వే తియ్యి’ అని జవాబొచ్చింది.

వెళ్ళేముందు గొడుగు చంకన పెట్టుకుని అడిగింది. "రేపు మ్యాచ్‌కి వస్తారా?"

"నేనొస్తే మీ ఫోకస్..."

"రండి. రాకపోతే ఎక్కడున్నారా అని వెతుకుతాను. అది ఇంకా ప్రమాదం."

వెళ్ళాను. కోర్టుకి అవతలివైపు ముందు వరసలో, చారల చొక్కా వేసుకుని కూర్చున్నాను. గుర్తుపట్టాలి కదా! మ్యాచ్ మొత్తంలో ఆమె ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. కోర్టు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నేను బిగించిన లెన్సులోంచి ఆటనే చూసింది.

తెల్లారి పేపర్లో సగం పేజీ ఫోటో వచ్చింది. గెలిచిన అమ్మాయి గాల్లో ఉంది. కనురెప్ప మీద చెమట బొట్టు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. మామయ్య భూతద్దం పెట్టి మూలమూలా వెతికాడు.

"ఇదిగోరా. ఈ చారల మచ్చ నువ్వే."

మచ్చే. మొహం లేదు, కళ్ళు లేవు. అంత మసకగా పేపర్లో పడి అంత సంబరపడినవాడు నేను తప్ప ఇంకొకడు ఉండడు.

షాపు తలుపు తెరుచుకుంది. వాన లేదు, గొడుగు లేదు. కెమెరా మెడలో ఉంది.

"ఉద్యోగం నాదే! లెన్సు కూడా నాదే. తిరిగివ్వను."

"నన్ను మాత్రం మసక చేసేశారు."

"నిన్న పని మీద ఉన్నాను. ఇవాళ సెలవు." కౌంటర్ మీదకి వంగింది. "ఏదో ‘నేను కూడా’ అని ఆపేశారు మొన్న. పూర్తి చేస్తారా?"

"మీరు గొడుగు మర్చిపోవడం నేను చూశాను. మీరు మళ్ళీ రావాలనే పిలవలేదు. మొదటిరోజే మీరంటే ఇష్టం కలిగింది. పింక్ కవర్ అన్నప్పుడే."

"అప్పుడు మీకు కోపం కదా వచ్చింది?"

"రెండూ ఒకేసారి వచ్చాయి."

ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. కౌంటర్ మీద నా చెయ్యి, ఆమె చెయ్యి పక్కపక్కనే ఉన్నాయి. ఏది ముందు జరిగిందో చూపించే బటన్ ఏదీ లేదు గానీ, రెండూ జరిగాయి.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. వచ్చి ఆమె మెడలోని కెమెరా అడిగి తీసుకున్నాడు.

"మీ అత్తయ్యకి చూపించాలిరా. నేను నోటితో చెబితే నమ్మదు. నిలబడండి ఇద్దరూ."

నేను సిగ్గుపడి ఆమె వెనక్కి జరిగాను. మామయ్య కెమెరా దించి కసిరాడు.

"వెనక్కెందుకురా పోతావు? ఇది ఎయిటీఫైవ్. ఒకరు ముందు, ఒకరు వెనక ఉంటే ఎవరో ఒకరు మసకవుతారు. పక్కపక్కన, ఒకే వరసలో నిలబడండి. ఎప్పుడూ అలాగే ఉండండి."

నిలబడ్డాం. మామయ్య నొక్కాడు.