పన్నెండింటి దాకా

పద్దెనిమిదో నిమిషం దాటింది. కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ గీత ఎక్కడా తెగకుండా సాగుతోంది. జోజిబాబు స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో డిపో ఇచ్చిన పలక కంప్యూటర్ పెట్టుకుని, ఆ గీతనే చూస్తున్నాడు. చేయవలసినవన్నీ చేశాడు. గోడ అలమరలోని ఇంటి కంప్యూటర్ మూత విప్పి, ఇంటిని చలువ కేంద్రంతో కలిపే లంకె కార్డు బయటికి లాగి, దుమ్ము ఊది, మళ్ళీ బిగించాడు. ఆరో చానల్ నుంచి పదకొండో చానల్‌కి మార్చాడు. కార్డు మధ్యలో కునుకు తీయకుండా కరెంటు పొదుపు ఆపేశాడు. ఇంకో రెండు నిమిషాలు నిలిస్తే నిలుపు పరీక్ష పూర్తవుతుంది. టైము తొమ్మిదీ నలభై. పదింటికి, ఇక ఎవరూ బయట తిరగకూడదని ఎండగంట కొడతారు. ఆ లోపు డిపో చేరాలి.

ఇరవై నిమిషాలు నిండాయి. పలక చిన్నగా మోగి ఎప్పటిలాగే అడిగింది: ఫిర్యాదు తీరిందా?

"ఆగయ్యా," అంది ఇన్నాసమ్మ. ఆ ఇల్లు ఆమెది. మిర్చి గోదాములో ముప్పై ఏళ్ళు బస్తాలు కుట్టిన మనిషి. గొంతు పెంచకుండానే మాట వినిపించడం తెలుసు. "పొద్దున పూట ఎప్పుడూ బాగానే ఉంటది. నీకు ముందు ఇద్దరొచ్చినారు. ఇట్టాగే ఇరవై నిమిషాలు కూకోని, బాగైందని కొట్టి పోయినారు. పన్నెండు దాటంగానే మళ్ళీ పడిపాయె."

"ఆపి మళ్ళీ వేశారా అక్కా? ఆపినాక పది లెక్కపెట్టి..."

"పది గాదు, వంద లెక్కబెట్టా. మొన్న ఎనిమిది నిమిషాలు రాలా. నిన్న పంతొమ్మిది. ఇయ్యాల ఎంతసేపో నువ్వే చెప్పు."

రెంటచింతలలో ఆ లెక్క తెలియనివాళ్ళు లేరు. పది నుంచి నాలుగు దాకా ఊరంతా చలువగదుల్లో తలుపులు బిగించుకుని బతుకుతుంది. ప్రతి ఇంటి కంప్యూటరూ రెండు నిమిషాలకోసారి గాలిలోంచి కేంద్రాన్ని చలువ అడుగుతుంది. కేంద్రం సరేనంటేనే చలువయంత్రం తిరుగుతుంది. లంకె తెగిన ఇంటికి అడిగే నోరుండదు. పైన నాపరాయి కప్పు, చుట్టూ కిటికీలు లేని గోడలు. ఇక చెప్పేదేముంది, బట్టీయే.

పలక మీద 'తీరింది' పక్కన 'తీరలేదు' అనే గడి కూడా ఉంది. జోజిబాబు పదకొండేళ్ళ ఉద్యోగంలో దాన్ని ఎవరూ నొక్కగా చూడలేదు. నొక్కాలంటే లోపాన్ని మరమ్మతుదారు ఆ ఇంట్లో నిలబడి కళ్ళారా చూసి ఉండాలి. లంకెలు పడిపోయేది మిట్టమధ్యాహ్నం. ఎండగంట తర్వాత మరమ్మతుదారు డిపో బయట కనబడకూడదు, కనబడితే లైసెన్సుకే ముప్పు. ఈ రెండు నిబంధనలూ రాసినవాళ్ళు చెరో గదిలో కూర్చుని రాసుంటారు, మహానుభావులు.

గది మూల మంచం మీద ఇన్నాసమ్మ చెల్లెలు లూర్దు ఎడమ పక్కకి తిరిగి పడుకుని ఉంది. తొమ్మిదో నెల. కాళ్ళు బాగా వాచాయి. మంచం మీంచి కదిలించవద్దని నర్సు చెప్పి వెళ్ళిందట.

"మూడో లైన్లో బాలశౌరి ఇంటికి గూడా నువ్వే పోయినావంటగా," అంది ఇన్నాసమ్మ. "మా లూర్దు పెనిమిటి."

గుర్తు రావడానికి జోజిబాబుకి కొంచెం సమయం పట్టింది. అందుకు సిగ్గుపడ్డాడు. పదిహేను రోజుల కిందట, నిచ్చెన కదలకుండా పట్టుకుని నిలబడిన సన్నటి మనిషి. అడక్కుండానే కూజాలోంచి నీళ్ళు ఒంపి ఇచ్చాడు. లంకె ఇరవై నిమిషాలు నిలిచింది. తీరిందని నొక్కి వచ్చేశాడు. ఆ మధ్యాహ్నమే ఆ ఇంట్లో మనిషి పోయాడని మర్నాడు డిపోలో తెలిసింది. తలుపు బార్లా తెరిచి ఉంది కాబట్టి యజమాని నిర్లక్ష్యమని కేంద్రం తేల్చింది. అది చదివి జోజిబాబు లోపల హమ్మయ్య అనుకున్నాడు.

"ఆయన ఊరికే తీయలా అన్నా," అంది లూర్దు మంచం మీంచి. "నేను ఆసుపత్రిలో ఉన్నా ఆ రోజు. ఫోన్ చేశాడు. లోపల ఉడికిపోతన్నా, బయటే నయమేమో, తలుపు తీస్తన్నా అన్నాడు. అంతే."

జోజిబాబు పనిముట్లు ఒక్కొక్కటిగా సంచిలో వేయసాగాడు.

"పన్నెండింటి దాకా ఉండు తమ్ముడూ," అంది ఇన్నాసమ్మ. "నీ కళ్ళతో చూడు. ఆ తర్వాత ఏం కొట్టుకుంటావో కొట్టుకో."

అతను సంచి సర్దుకుని లేచాడు. లైసెన్సు పోతే ఇంట్లో నలుగురి బతుకు ఏమవుతుందో లెక్కేసుకుంటూ తలుపు దాకా వెళ్ళాడు. గడప పక్కన మట్టి కూజా ఉంది. మూతి దగ్గర పెచ్చు ఊడింది. ఆ పెచ్చు తనకు తెలుసు. మూడో లైన్లోంచి లూర్దు తెచ్చుకున్నట్టుంది.

సంచి కింద పెట్టాడు.

ఎండగంట మోగింది. వీధిలో తలుపులు వరసగా మూసుకుంటున్న చప్పుడు వినిపించి, తర్వాత అదీ ఆగిపోయింది. డిపోకి రావలసిందిగా పలక మూడుసార్లు హెచ్చరించింది. జోజిబాబు దాన్ని బోర్లించాడు. ఇన్నాసమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది.

పన్నెండూ పదిహేడుకి ఆకుపచ్చ గీత పోయింది. రెండు నిమిషాలకు చలువయంత్రం గురక ఆగింది.

జోజిబాబు అలమర ముందు స్టూలు ఎక్కి నిలబడ్డాడు. టవర్ బాగుంది. చానల్ ఖాళీగా ఉంది. పక్కింటి లంకెతో గొడవ లేదు. లోపల చిట్టా తెరిచి చివరి వరుస చదివాడు. 'తాపరక్ష అమలు. కార్డు క్షేమం.' రెండోసారి కూడా అదే ఉంది.

"ఏందంట?" అంది ఇన్నాసమ్మ.

"కార్డు తనంతట తనే ఆగిపోయింది అక్కా. యాభై ఎనిమిది డిగ్రీలు దాటితే కాలిపోకుండా ఆగమని కార్డు ప్రోగ్రాం కొత్త కూర్పులో రాశారు. మీ అలమర కప్పుకి ఆనుకుని ఉంది. మధ్యాహ్నానికి అంత వేడీ దానికే తగులుతుంది."

"మళ్ళీ ఎప్పుడు లేస్తది?"

"చల్లబడినాక. మొన్నా నిన్నా ఎలాగో చల్లబడింది. కానీ అది చల్లబడాలంటే గది చల్లబడాలి. గది చల్లబడాలంటే అది లేవాలి."

ఇన్నాసమ్మ తువ్వాలు తడిపి చెల్లెలి ఒంటి మీద కప్పింది. గోడ మీది థర్మామీటరు అంకెలు ముప్పై ఆరు చూపించాయి, కాసేపటికి ముప్పై తొమ్మిది.

నలభై రెండో కూర్పు. మూడు వారాలుగా ఈ లైనుతో కలిపి మూడు లైన్లకే ఇచ్చి చూస్తున్నారు. ఆ లైన్లలో తీరని ఫిర్యాదు ఒక్కటీ లేకపోతే రేపు పొద్దున జిల్లాలో నలభై వేల ఇళ్ళకి పంపుతారు. ఒక్కటీ లేదు మరి. అన్నీ ఇరవై నిమిషాల్లో తీరిపోయాయి.

సంచి అడుగున, డిపోకి ఎప్పుడో అప్పగించవలసిన పెన్‌డ్రైవ్ ఒకటి ఉంది. అందులో నలభై ఒకటో కూర్పు. దానికి తాపరక్ష తెలియదు. కార్డు కాలితే కాలనీ అనుకుని జోజిబాబు దాన్ని గుచ్చాడు. పాత కూర్పు దిగడం మొదలైంది. నూటికి పది. నూటికి పదిహేను. నలభై ఒక్క డిగ్రీలు. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకున్న చెయ్యి కూడా చెమటే.

"అక్కా, తలుపు తియ్యవే," అంది లూర్దు. గొంతు పీలగా ఉంది. "కాసేపు తియ్యి. ఊపిరాడటం లా."

ఇన్నాసమ్మ వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. బయట యాభై రెండు ఉంటుంది. లూర్దు మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు మాట సరిగా రాలేదు. ఇన్నాసమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గాని, ఆమె తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.

నూటికి తొంభై. జోజిబాబుకి ఆ రోజు బాలశౌరి తన ఇంట్లో ఒక్కడే ఇలాంటి అలమర ముందు నిలబడి, ఆపి, వేసి, పది లెక్కపెట్టి ఉంటాడని తోచింది. అలా చేయమని చెప్పింది తనే.

గీత వెలిగింది. ఒక నిమిషం ఏమీ జరగలేదు. తర్వాత చలువయంత్రం దగ్గినట్టు చప్పుడు చేసి తిరగసాగింది. అంకెలు నలభై నాలుగు దగ్గర ఆగి, చాలాసేపటికి ఒకటి తగ్గాయి. ఇన్నాసమ్మ చెల్లెలి కడుపు మీద చెయ్యి వేసి ఉంచింది. "కదుల్తన్నాడు," అంది, ఎవరితోనో అన్నట్టు.

పలక మోగింది. ఫిర్యాదు తీరిందా?

తీరిందంటే ఎండగంట తప్పు ఒక్కటే మిగులుతుంది, దానికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. కానీ కేంద్రం చేసే రాత్రి తనిఖీ ఈ ఇంట్లో మళ్ళీ నలభై రెండో కూర్పు ఎక్కిస్తుంది. రేపు పన్నెండూ పదిహేడుకి తను ఇక్కడ ఉండడు. తీరని ఫిర్యాదున్న ఇంటిని మాత్రం విచారణ అయ్యేదాకా తనిఖీ ముట్టుకోదు.

జోజిబాబు 'తీరలేదు' నొక్కాడు.

ప్రశ్నలు వచ్చాయి. లోపాన్ని చూసినది ఎవరు? తన పేరు రాశాడు. ఎన్ని గంటలకు? పన్నెండూ పదిహేడు. అది రాయడమంటే లైసెన్సు తన చేత్తో తనే తెచ్చి ఇవ్వడం. ఇదే లోపం ఇంతకు ముందు ఎక్కడైనా కలిగిందా? మూడో లైను, బాలశౌరి ఇల్లు. అది తీరినట్టు ధ్రువీకరించినది ఎవరు? 'నేనే' అని రాశాడు.

"అమ్మా లూర్దూ, ఆయన ఫోన్లో ఏమన్నాడో మళ్ళీ ఒకసారి చెప్పు తల్లీ."

లూర్దు చెప్పింది. ఆమె అన్నది అన్నట్టే ఎక్కించి పంపాడు.

కేంద్రం ఎప్పుడూ వేలు తీసేలోపు జవాబిస్తుంది. ఈసారి తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. చాలాసేపటికి రెండు వరుసలు వచ్చాయి. రేపటి పంపిణీ నిలిపివేయబడినది. సాక్షి అక్కడే ఉండవలెను.

"ఏమంటంది?" అంది ఇన్నాసమ్మ.

"కొత్త కూర్పు ఆపేశారు. నాలుగింటికి నన్ను తీసుకుపోవడానికి వస్తారు."

ఇన్నాసమ్మ గడియారం వైపు చూసింది. ఒంటిగంట ఇంకా కాలేదు. ఆమె అన్నం పెట్టడానికి లేచింది.

"అక్కా, అన్నకి ముందు మంచినీళ్ళియ్యవే," అంది లూర్దు కళ్ళు తెరవకుండానే.

ఇన్నాసమ్మ కూజా వంచి గ్లాసు నింపి తెచ్చింది. జోజిబాబు రెండు చేతులతో అందుకున్నాడు. ఆ కూజా నీళ్ళు ముందోసారి తాగినప్పుడు ఇచ్చినవాడి పేరైనా అడగలేదు.