మెడ దగ్గర రెండు వేళ్ల గుడ్డ

శనివారం పొద్దున అఫ్రియే సజ్జ గంజి కలుపుతుంటే ఫోన్ మోగింది. చర్చి మహిళా సంఘంలోని ఒక అమ్మాయి ఏదో ఫొటో పంపి, కింద "అక్కా, ఈ బుగ్గ నీదేనా?" అని అడిగింది. గంజి అడుగంటుతున్నా అఫ్రియేకి తెలియలేదు.

ఫొటో చర్మం క్లినిక్ వాళ్లు తమ పేజీలో పెట్టుకున్నది. తెల్లబడే క్రీముకు కాలి కమిలిన బుగ్గ ఒకవైపు, నయమైన బుగ్గ ఇంకోవైపు. పేరు లేదు, కళ్లు కప్పేశారు, వయసు మాత్రం యాభై రెండని వేశారు. కానీ మెడ దగ్గర రెండు వేళ్ల మేర గుడ్డ కనిపిస్తోంది. అమ్మ ఏడాది కార్యానికి ఇంటి ఆడవాళ్ల కోసమే అచ్చు వేయించిన బట్ట అది. అది కట్టినవాళ్లలో ఆ వయసు మనిషి అఫ్రియే ఒక్కతే. తెల్లబడే క్రీములు పూసుకోవద్దని ప్రతి ఆదివారం అమ్మాయిలకు బుద్ధులు చెప్పేదీ ఆమే. దొంగచాటుగా తను పూసుకున్న సంగతి ఇక రచ్చకెక్కినట్టే.

క్లినిక్‌లో పేషెంట్ల అనుభవాలు, ఫొటోలు ప్రచారం కోసం సేకరించేది అదే ఇంట్లో ఉంటున్న తమ్ముడి భార్య సెర్వా.

"నన్ను నడివీధిలో నిలబెట్టావు కదే," అంది అఫ్రియే, ఫోన్ ఆమె ముందుకు తోసి. "పేరు దాచావు, కళ్లు దాచావు. మా అమ్మ బట్ట ఆనలేదా నీ కంటికి? ఆ రోజు నువ్వూ అదే కట్టావుగా."

సెర్వా ఫొటోను పెద్దది చేసి చూసింది. "మొహమే చూశాను వదినా, మెడ చూసుకోలేదు. తప్పు నాదే."

ఫొటో వాడుకోవచ్చని సంతకం పెట్టావుగా అంటుందని కాచుక్కూచుంది అఫ్రియే. సెర్వా ఆ మాటే ఎత్తకుండా క్లినిక్ డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఫొటో తీసేయడానికి ఆవిడ ససేమిరా అంది. అది చూసే జనం వస్తున్నారట, పైగా సంతకం ఉందట.

"తనెవరో తెలియదన్న నమ్మకంతోనే కదా మేడమ్ ఆవిడ సంతకం పెట్టింది? తెలిసిపోయాక ఆ కాగితం దేనికి? ఇప్పుడే తీసేయండి. లేదంటే నన్ను నమ్మి తమ సంగతులు చెప్పి, ఫొటోలిచ్చిన మిగతా పదకొండు మందికీ ఫోన్ చేసి, మీవి వెనక్కి తీసుకోండని నేనే చెప్తాను. తర్వాత నా ఉద్యోగం తీసేసినా సరే."

పెళ్లయిన కొత్తలో అఫ్రియే ఎదురుగా నిలబడి మాట్లాడని పిల్ల ఇదేనా. కాసేపటికి ఫొటో పోయింది.

అప్పుడే తమ్ముడు అద్దాయ్ తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటక్కా, పొద్దున్నే పంచాయితీ?"

"ఏముందిరా, నా బుగ్గ మీద క్రీము గొడవే."

"క్రీమేంటి? ఎండకి పొక్కిందన్నావు కదా?"

అఫ్రియే గిరుక్కున మరదలి వైపు తిరిగింది. బుగ్గ కాలి నాలుగు నెలలైనా, ఒకే కప్పు కింద ఉంటూ, కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదన్నమాట. ఈ పిల్లనా తను అంతంత మాటలన్నది? కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఆ పదకొండు మందిలో మా సంఘం వాళ్లెవరైనా ఉన్నారా?" అని నెమ్మదిగా అడిగింది.

సెర్వా తల వంచుకుంది. పెదవి కదపలేదు. అఫ్రియే వెళ్లి ఆమె చేయి పట్టుకుంది.

"వద్దులే, చెప్పకు. రేపు సంఘంలో నా సంగతి నేనే చెప్పుకుంటాను. వాళ్లది మాత్రం నీ దగ్గరే ఉండనీ తల్లీ. నీ దగ్గరైతేనే భద్రం."