నాలుగంటే నాలుగున్నర

"నువ్వు దిగడం లేదు," అన్నాడు భర్త, అద్దం ముందు టోపీ సర్దుకుంటూ.

జడ సగం అల్లిన ఆమె చేతులు అలాగే ఆగిపోయాయి. ఓడ తెల్లవారకముందే లంగరు వేసింది. గుండ్రటి కిటికీలోంచి చూస్తే నీళ్ళకవతల ఊరు, కొండ మీద పాత కోట, దాని కింద ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టున్న ఇళ్ళు. ఆ ఇళ్ళ మధ్య ఏదో వీధిలో ఆమె అక్క గొడుగుల కొట్టు ఉంది. ఈ ఓడ ప్రయాణంలో మిగతా రేవులన్నీ ఆయనవి. ఈ ఒక్కటీ ఆమెది. ఈ ఒక్క ఊరు ఉందనే కదా, సముద్రం పేరు చెబితేనే కడుపులో తిప్పే మనిషి, మారుమాట్లాడకుండా ఓడెక్కింది...

"ఏమన్నారు?"

"ఇక్కడ ఓడ ఒడ్డుదాకా పోదు. చిన్న బోట్లలో దించుతారు. అల ఎక్కువగా ఉంటే వాకర్ పట్టుకుని నడిచేవాళ్ళని ఎక్కించుకోరు. అమ్మనొక్కదాన్నే గదిలో పడేసి ఇద్దరం పోతామా? నేను ఓడవాళ్ళ టూరులో కోట చూసొస్తాను. నాలుగింటికి ఆఖరి బోటు. వచ్చేస్తా."

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "టికెట్లు తీసుకునేటప్పుడే చెప్పారులే."

ఆమెకి ఒళ్ళంతా మండిపోయింది. టికెట్లు తీసుకునేటప్పుడే తెలుసట. తెలిసి, ఇన్నాళ్ళూ ఆమె అక్కకి ఫోన్లు చేసుకుంటుంటే, ఏ చీర కట్టుకోవాలా అని పెట్టె రోజూ తీసి సర్దుకుంటుంటే, చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. అనలేదంటే మరిచిపోయి కాదు. ముందే చెబితే ఆమె ఓడెక్కదు. ఆమె ఎక్కకపోతే వాళ్ళమ్మ వాకర్ ఎవరు మడుస్తారు?

ఆయన బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. చుట్టాలంతా ఇప్పటికీ కంట్రోలర్ గారనే అంటారు. డిపోలో ఆయనకో పద్ధతి ఉండేది. బస్సు ఆరున్నరకైతే డ్రైవరుకి ఆరని చెప్పేవాడు. డ్రైవర్లు ఎలాగూ ఆలస్యంగా వస్తారు కాబట్టి లెక్క సరిపోయేది. డిపోలో ఆ పద్ధతి బాగానే నడిచి ఉండొచ్చు. ఆయన దాన్ని ఇంటికి తెచ్చాడు. రైలు, పెళ్ళి, డాక్టరు, సినిమా... దేనికైనా అరగంట ముందు టైమే చెబుతాడు. కొన్నాళ్ళకి ఇంట్లో అందరూ కిటుకు తెలుసుకున్నారు. కంట్రోలర్ గారు నాలుగంటే నాలుగున్నర. పసిపిల్లలకి కూడా తెలిసిపోయింది. తెలిసిందని ఆయనకి మాత్రం తెలియదు!

ఓడలో కూడా అదే వరస. మొదటి రేవులో మూడు చోట్లు చూడాలన్నాడు. ఓడ ప్రయాణం చేయబోయే అమ్మలకి ఇక్కడొక మాట చెప్పాలి. రేవులో దిగిన రోజున ఒక్క చోటు పెట్టుకోండి, చాలు. మూడు పెట్టుకుంటే రెండు చోట్ల కాళ్ళు నొప్పులు, మూడో చోట తగువు. మొదటి రేవులో ఆమె చూసిందల్లా ఒక బెంచీ. రెండో రేవులో ఇంకో బెంచీ. పక్కన అత్తగారు, ఒళ్ళో సంచులు, ఎదురుగా ఎవరిదో విగ్రహం వీపు. ఆయన ఫోటోలు తీసుకుని వచ్చేవాడు. రాగానే, పదండి పదండి, ఓడ వెళ్ళిపోతుందని తరిమేవాడు. తీరా పరిగెత్తుకుంటూ వెళితే అక్కడింకా నిచ్చెన దగ్గర క్యూ కూడా ఉండేది కాదు. పోనీలే, మన ఊరు ముందుంది కదా అని అదంతా మింగింది.

ఆయనకీ అక్కకీ ఎందుకు చెడిందంటే, పెళ్ళైన కొత్తలో అక్క వీళ్ళింటికి వచ్చి నాలుగు రోజులుండి, వెళ్ళేముందు ఆయనతో ఒక్క మాట అంది. "మరిదిగారూ, మా చెల్లెలు మీ డిపోలో బస్సు కాదు. కాసేపు ఒకచోట కూర్చోనివ్వండి." అంతే. ఆ మాటకి ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఆ తరవాత అక్క వీళ్ళ గడప తొక్కలేదు, ఈమె వెళ్ళలేదు. తల్లి పోతే తల్లై పెంచిన అక్క. గొడుగు గుడ్డ మీద సూది పట్టుకోవడం నేర్పిన అక్క. ఆ సూదితోనే ఈమె ఇవాళ్టికీ వీధి వీధంతటికీ బట్టలు కుడుతోంది. అలాంటి అక్కతో ఫోనులో మాట్లాడాలన్నా, ఈ ప్రయాణం కుదిరేదాకా, ఆయన బజారుకి వెళ్ళేవరకూ ఆగాల్సి వచ్చేది.

బావ పోయినప్పుడు కబురు ఆయన ఫోనుకే వచ్చింది. ఆయన చెప్పలేదు. అన్నీ అయిపోయాక, ఓ సాయంత్రం కాఫీ తాగుతూ చెప్పాడు. అన్నిటికీ ముందు టైం చెప్పే మనిషి, అదొక్కటి ఆలస్యంగా చెప్పాడు.

"నేను దిగుతాను," అంది ఆమె. గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "మీరు ఉండండి అత్తయ్య దగ్గర. కోట ఎక్కడికీ పోదు. మా అక్క బోటు రేవు దగ్గర నిలబడి ఉంటుంది. పొద్దున్నించీ..."

"గోల చేయకు. పక్క గదులవాళ్ళు వింటారు."

"విననివ్వండి. మీతో ఇన్నేళ్ళు కాపురం చేసి ఏం అడిగాను నేను? ఒక పూట. ఒక్క పూట అడిగాను. బావ పోతే పంపలేదు. కబురు కూడా దాచారు. ఇప్పుడు కళ్ళెదురుగా ఊరు పెట్టుకుని కిటికీలోంచి చూడమంటారా?"

"అమ్మకి మందులు మరిచిపోకు," అని ఆయన తలుపు దగ్గరగా వేసుకుని వెళ్ళిపోయాడు. గట్టిగా వేసుకుని పోయినా బాగుండేది. ఏమీ జరగనట్టు, నెమ్మదిగా వేశాడు.

అత్తగారు రెండో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి, కొళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. బయట గదిలో ఫోను మోగింది. అత్తగారు తీసి ఏదో మాట్లాడి పెట్టేసింది.

ముఖం తుడుచుకుని వచ్చేసరికి ముసలావిడ లేచి కూర్చుని, కోడలి చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని జిప్పు వేస్తోంది.

"ఫోనెవరత్తయ్యా?"

"ఎవరో రిసెప్షన్ నుంచి. సముద్రం కొంచెం పొంగుతోందిట, జాగ్రత్తగా ఉండమన్నారు. నువ్వు జడ వేసుకుని బయల్దేరు."

"మిమ్మల్నొదిలేసి ఎక్కడికి వెళ్తాను?"

"నేనేమన్నా పాలు తాగే పిల్లనా? ఆ బొత్తాం నొక్కితే అన్నం తెచ్చిచ్చే పిల్ల వస్తుంది. మందులు నాకు తెలుసు. రంగులు గుర్తున్నాయి. లే." సంచీ చేతిలో పెట్టి, మణికట్టు పట్టుకుంది. "వాడు నాలుగన్నాడు. అంటే నాలుగున్నరేగా. నాలుగింటిదాకా మీ అక్క దగ్గర కూర్చో. లేవకు. విన్నావా, లేవకు."

ఆమె ఒంగి అత్తగారి పాదాలు పట్టుకోబోతే, "చాల్లే, బోటు తప్పిపోతుంది," అని విసుక్కుంది ముసలావిడ.

బోటు పైకీ కిందికీ ఊగుతూ ఒడ్డు చేరింది. ఆమెకి కడుపులో తిప్పనేలేదు. రేవు మీద మైకులో ఎవరో ఏదో చెబుతున్నారు, ఓ నల్లబల్ల దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. ఆమె దేన్నీ చూడలేదు. గేటు కమ్మీల అవతల నల్లగొడుగు వేసుకుని ఒక పొట్టి మనిషి నిలబడి ఉంది. జుట్టంతా తెల్లబడిపోయింది. గొడుగు పట్టుకునే తీరు మాత్రం మారలేదు.

"ఇప్పుడా రావడం?" అంది అక్క.

ఆమె గబగబా గేటు దాటి అక్క ఎదుటికి వచ్చింది.

"నిన్నే. ఇప్పుడా? మీ బావ పోయి ఎన్నాళ్ళైంది? చివర్లో రోజూ అడిగేవాడు, చిలక రాలేదా, చిలక రాలేదా అని. ఏం చెప్పమంటావు నన్ను? వస్తోంది, దార్లో ఉంది అని చెప్పాను. అబద్ధాలు చెప్పి పంపాను ఆయన్ని..."

పెళ్ళికి ముందు గలగల మాట్లాడే పిల్ల కాబట్టి బావ ఆమెకి చిలకని పేరు పెట్టాడు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు లేరు. ఆమె గేటు కమ్మీ పట్టుకుని అక్కడే కూలబడింది. "నాకు తెలియనివ్వలేదక్కా... నాకు చెప్పలేదు, ఫోనులో ఆ మాట ఎత్తలేకపోయాను..."

అక్క గొడుగు ముడిచి, చెల్లెలి చంకలో చెయ్యి వేసి లేపింది. "నడు. వీధిలో ఏడిస్తే నా బేరాలు పోతాయి."

కొట్టు ఒక్క గది. పైకప్పు నుంచి గుడ్డ లేని గొడుగు ఊచలు వేలాడుతున్నాయి, తల వంచుకుని నడవాలి. మూల బావ కుర్చీ, దాని మీద కొత్త గుడ్డల కట్ట. ఖాళీగా చూడలేక పెట్టానంది అక్క. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. అక్క అన్నం పెట్టింది. తింటూ తిట్టింది. తిట్టి, ఇంకో ముద్ద కలిపి పెట్టింది. ఆ తరవాత ఒక విరిగిన గొడుగు ఇద్దరి మధ్య పెట్టి, చెరో వైపు నుంచి కుట్టడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు కుట్టినట్టే. చెల్లెలి కళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఏడవకు. ఆ గుడ్డ తడవకూడదు," అంది అక్క.

"గొడుగు గుడ్డ తడవకూడదా?" అంది చెల్లెలు. అక్క నవ్వింది. నవ్వుతూనే ముఖం కొంగులో దాచుకుని భోరుమంది. ఇన్నేళ్ళలో ఒకరి ఏడుపు ఒకరు చూడటం అదే మొదలు.

నాలుగు కావస్తోంది. లేవబోయి, ముసలావిడ మాట గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. ఇంకో పావుగంట. మిగిలిన ఆ కాస్త కుట్టూ అయ్యాక లేచారు.

రేవులో బోటు లేదు. నీళ్ళు నురగలు కక్కుతున్నాయి. దూరంగా ఓడ పక్కన ఆఖరి బోటుని తాళ్ళతో పైకి లాగుతున్నారు. నల్లబల్ల మీద నాలుగున్నర కొట్టేసి, పైన పెద్ద అక్షరాలతో నాలుగు అని రాసి ఉంది. పొద్దున దాని పక్కనుంచే నడిచి వెళ్ళింది!

పరాయి ఊళ్ళో, కాగితమ్ముక్క లేకుండా... ఏమైనా ఉందేమోనని సంచీ తెరిచింది. అడుగున ఆమె పాస్‌పోర్టు ఉంది. దాని కింద మడతపెట్టిన రెండు చీరలు, పళ్ళ బ్రష్షు, ఆమె రక్తపోటు మాత్రలు.

ఇవేవీ ఆమె పెట్టినవి కావు. అంతలో ఫోను మోగింది. అవతల అత్తగారు.

"బోటు వెళ్ళిపోయిందా?" గొంతులో కంగారేమీ లేదు.

"పొద్దున ఆ ఫోను... టైం మారిందని చెప్పడానికేనా అత్తయ్యా? తెలిసీ నాకు అబద్ధం చెప్పారా?"

"చెప్పాను. మా వాడు జన్మంతా చెప్పాడు, నేనొక్కసారి చెప్పాను. రిసెప్షన్లో కూడా చెప్పేశాను, మా కోడలు అక్కగారింట్లో ఉండి వచ్చే రేవులో ఎక్కుతుందని. ఈ తీరం వెంబడే కదా, బస్సులున్నాయిట."

"నన్నడగాలి కదా," అంది ఆమె. "మీ అబ్బాయీ నన్నడక్కుండానే చేస్తారు, మీరూ నన్నడక్కుండానే చేశారు."

"నిజమే," అంది ముసలావిడ. "అడిగితే ఉండనంటావు. నా మందులంటావు. అమ్మాయ్... మీ బావ కబురు వచ్చినప్పుడు నేను వాడి పక్కనే కూర్చుని ఉన్నాను. వాడు దాచాడు. నేను నోరెత్తలేదు. అందుకు తిట్టు, పడతాను. ఉన్న రెండు రోజులూ ఉండి రా."

ఆమె తిట్టలేదు. ఫోను చేతులు మారిన చప్పుడైంది. ఇక కంట్రోలర్ గారి గొంతు.

"బుద్ధుందా నీకు? ఓడ తప్పిపోవడమేంటి? నా టూరువాళ్ళందరూ టైముకొచ్చారు. అమ్మ వాకర్ మడత పడి చావడం లేదు. రాత్రికి ఏ మందు వేయాలి? ఎవరు చూస్తారమ్మని?"

"మీరు," అంది ఆమె.

"నేనా?"

"మీ అమ్మగారే కదండీ. వాకర్ కింద చిన్న మీట ఉంటుంది, కాలితో నొక్కండి. మందుల రంగులు ఆవిడకే తెలుసు, అడగండి. అడగడం అలవాటు చేసుకోండి."

ఆయన గొంతు తగ్గింది. "సరే... వచ్చే రేవులో ఎల్లుండి పొద్దున ఏడింటికల్లా ఉండాలి. ఏడు. తెలిసిందా?"

ఆమె పక్కన అక్క గొడుగు తెరిచి ఇద్దరి మీదా పట్టుకుంది. సన్నగా తుంపర మొదలైంది.

"నిజం టైం చెప్పండి," అంది ఆమె.

"అదే చెప్పానుగా."

"కాదు. మా బావ పోయిన కబురు అన్నీ అయిపోయాక చెప్పారు. ఇవాళ ఆఖరి బోటు అరగంట ముందు చెప్పారు. నా జన్మలో ఒక్కసారైనా నిజం టైం చెప్పండి. చెప్పకపోతే రాను. ఇక్కడ నాకు ఇల్లుంది, చేతిలో పనుంది, కుర్చీ కూడా ఖాళీగా ఉంది."

వెనకనుంచి ముసలావిడ ఏదో అంటోంది.

"ఏడున్నర," అన్నాడు ఆయన చివరికి. "ఓడ కట్టేది ఏడున్నరకి." ఆగి, ఇంకా నెమ్మదిగా అన్నాడు. "మీ బావ కబురు... ఆ రోజు పొద్దున్నే వచ్చింది. నీకు పొద్దున్నే చెప్పాల్సింది."

ఆమె సరేననలేదు. క్షమించాననీ అనలేదు. ఆ మాటలకి ఇంకా టైం ఉంది, ఎంత టైమో ఆమెకే తెలియదు.

"ఏడున్నరకి ఉంటాను. అక్క కూడా వస్తుంది, మీతో మాట్లాడాలట," అని ఫోను పెట్టేసింది.

"నేనెప్పుడన్నానే ఆ మాట?" అంది అక్క.

"నిన్నడగలేదు కదూ? నాకూ అంటుకుంది వాళ్ళ జబ్బు. వస్తావా అక్కా?"

"ఆలోచిస్తాను," అని అక్క చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద కొట్టు వైపు నడిచారు, బావ కుర్చీ మీద గుడ్డల కట్ట తీసి పక్కన పెట్టడానికి.